పక్షుల ఆహారం – జలకాలుష్య పర్యవేక్షణ: పెన్నా పరీవాహక ప్రాంతానికి అన్వయం

జలకాలుష్యాన్ని అంచనా వేయడానికి నీటి నమూనా ఒక్కటే చాలదు. అది తీసిన నాటి స్థితిని మాత్రమే చెబుతుంది. మిథైల్ పాదరసం, డి.డి.టి. అవశేషాల వంటివి నీటిలో అత్యల్పంగా ఉన్నా, చిన్న చేపల నుండి పెద్ద చేపలకు, వాటిని తినే పక్షులకు చేరేసరికి వాటి గాఢత అనేక రెట్లవుతుంది. సముద్రపక్షులను కాలుష్య సూచికలుగా స్వీకరించడానికి ప్రధాన కారణమిదే. ఉత్తర సముద్ర తీరాలకు కొట్టుకువచ్చిన ఫుల్మార్ పక్షుల జీర్ణాశయాల్లోని ప్లాస్టిక్‌ను తూచి చూస్తారు. 0.1 గ్రాముకు మించి ప్లాస్టిక్ ఉన్న పక్షులు 10 శాతం లోపే ఉండాలన్నది అక్కడి దేశాలు ఏర్పరచుకొన్న లక్ష్యం.

అయితే పక్షి దేహంలోని విషాన్ని దాని ఆహారంతో కలిపి చూడకపోతే పొరపాటు తప్పదు. ఉత్తర అమెరికా మహాసరస్సుల వద్ద 1970ల నుండి హెర్రింగ్ గల్ గుడ్లను విశ్లేషిస్తున్నారు. వాటిలో విషపదార్థాలు తగ్గుతూ వచ్చాయి. సరస్సులు శుభ్రపడిన మాట కొంతవరకు నిజమే. కాని చేపలు తగ్గినచోట ఆ పక్షులు నేలమీది తిండికి మళ్ళాయి. తగ్గుదలలో కొంత భాగం ఆ మార్పు వల్ల కలిగినదే. ఈ సంగతిని పట్టి ఇచ్చినది నైట్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి. ఆహారశృంఖలలో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ నైట్రోజన్-15 పాలు వెయ్యింటికి సుమారు 3 వంతులు పెరుగుతుంది కనుక, పక్షి ఏ మెట్టున తింటున్నదో గుడ్డే చెబుతుంది.

కడప జిల్లాకు సముద్రతీరం లేదు. అయినా ప్రొద్దుటూరు పక్కగా సాగే పెన్న నెల్లూరు మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. పులివెందుల ప్రాంతానికి నీరిచ్చే చిత్రావతి ఆ పెన్నలోనే కలుస్తుంది. జమ్మలమడుగు సమీపంలో మైలవరం, గండికోట జలాశయాలున్నాయి. ఇక్కడ గల్ పక్షి స్థానంలో నీటికాకిని తీసుకోవచ్చు. దాని ఆహారం ప్రధానంగా చేపలే. గూళ్ళ కింద కక్కిన చేపల వల్ల ఆహారం, ఈకల వల్ల పాదరసం తెలుస్తాయి, పక్షిని చంపనక్కరలేదు. పెద్ద పక్షి ఈక మరెక్కడో మొలిచి ఉండవచ్చు కాబట్టి గూటిపిల్ల ఈకే నమ్మదగినది. ఇందుకు అటవీశాఖ అనుమతి అవసరం.

గండికోట విషయంలో ఈ పరిశీలనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. దాని నిల్వ సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. కొత్తగా మునిగిన నేలలో మొక్కలు కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయని కెనడా జలాశయాల అనుభవం. రాయలసీమ నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కనుక ఆ తీవ్రత ఇక్కడ ఉండకపోవచ్చు; కొలిచి తేల్చవలసిన విషయమిది. నీటికాకి తినే చేపలనే జాలరి కుటుంబాలూ తింటాయి.

పులివెందుల సమీపంలోని తుమ్మలపల్లి యురేనియం గని పరిసరాల్లో బోరునీటి గురించి రైతులు వ్యక్తం చేస్తున్న ఆందోళనకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు. యురేనియం పాదరసంలా మెట్టు మెట్టుకూ పెరగదు, సాధారణంగా తగ్గుతుంది. నీటికాకి ఈకలో అది కనబడకపోవడం బోరునీటి భద్రతకు సాక్ష్యం కాజాలదు. అక్కడ పరీక్షించవలసినది బోరునీటినే.