విషాన్ని పట్టిచ్చే సాక్షి



ఏటా మిరప కోతల కాలంలో దంతెవాడ, సుక్మా, బీజాపూర్ ప్రాంతాల ఆదివాసీ కూలీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలకు తరలివచ్చుట మీరెరిగినదే. మందు చల్లిన మొక్కల నడుమ రోజంతా వంగి కాయలు కోయువారు వారే. కాయపై ఎంత విషం మిగిలియున్నదో వారికి గాని, మీకు గాని, కొనువారికి గాని కంటికి కనబడదు. దానిని కనబరచు మార్గమొకటి కలదు.

మన నరాలలో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అను ఎంజైమ్ ఉన్నది. నరం నుండి కండరానికి సంకేతం చేర్చిన రసాయనాన్ని వెంటనే విడగొట్టుట దాని పని. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు దానిని స్తంభింపజేయును. అప్పుడు కండరాలు అదురును, చొంగ కారును, ఊపిరి ఆడదు. 2013 జూలైలో బీహారు రాష్ట్రం సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లల ప్రాణాలు తీసినది మోనోక్రోటోఫాస్ కలిసిన వంటనూనెయే.

ఏ ఎంజైమ్‌ను విషం దెబ్బతీయునో, దానినే సాక్షిగా నిలుపుట ఈ పద్ధతిలోని కిటుకు. ద్రవంలో విడిగా ఉన్న ఎంజైమ్ త్వరగా చెడిపోవును. అందుచే దానిని బంగారు నానో రేణువులపై గాని, కార్బన్ నానో గొట్టాలపై గాని స్థిరపరచెదరు. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. అంత సన్నని రేణువులపై కొద్ది చోటులోనే ఎక్కువ ఎంజైమ్ ఇమిడి, విద్యుత్తు సులభంగా ప్రవహించును. నమూనాలో మందు లేనిచో ఎంజైమ్ చురుకుగా పనిచేసి విద్యుత్ ప్రవాహం హెచ్చును. మందు ఉన్నచో తగ్గును. చక్కెర వ్యాధి పరీక్ష పట్టీ కూడ ఎంజైమ్ ఆధారంగానే పనిచేయును. తైవాన్‌లో కూరగాయల తనిఖీకి ఎంజైమ్ పరీక్షను దశాబ్దాలుగా వాడుచున్నారు.

అయితే ఒక హెచ్చరిక. ఈ సాక్షి ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులను మాత్రమే పట్టును. ఏ మందో పేరు చెప్పదు. పైరెత్రాయిడ్లను పసిగట్టదు. కనుక "విషం లేదు" అన్న ఫలితం పూర్తి హామీ కాదు. తుది నిర్ణయం ప్రయోగశాలదే.

పరీక్ష మీ చేతికి వచ్చువరకు జాగ్రత్తయే రక్ష. చీటీపై సూచించిన గడువు తీరకుండ కోత కోయించరాదు. కూలీలకు చేతి తొడుగులు, కడుగుకొనుటకు సబ్బు, నీరు సమకూర్చుడు. ఖాళీ డబ్బాలలో నూనె, నీరు నింపరాదు. డీలర్లు ఎర్ర త్రికోణం గల మందు అమ్మునపుడు దాని అర్థం విప్పిచెప్పవలెను. 2020 డిసెంబరు 31 నుండి నిషేధించబడిన ట్రయజోఫాస్ వంటి మందులను దుకాణంలో ఉంచరాదు.

అవశేషాలున్న సరుకు తిరస్కరింపబడినచో అప్పు తీరుట కష్టము. పోయిన ప్రాణమును ఏ రుణమూ తిరిగి తేలేదు.