గీజర్ వాల్వ్ కారుతోందా? అపోహలు – వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెల్లవారుజామునే గీజర్ స్విచ్‌లు పడతాయి. మార్నింగ్ షిఫ్టుకు వెళ్లేవాళ్లకీ, బడి పిల్లలకీ, ఇంట్లో పెద్దవాళ్లకీ వేడినీళ్లు కావాల్సిందే. ఆ చలితోపాటే ఓ ఫిర్యాదూ మొదలవుతుంది: ‘గీజర్ కింద వాల్వ్ కారుతోంది.’ ఇక తలో సలహా. వాటిలో కొన్ని డబ్బు దండగ చేసేవైతే, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. అందుకే ఒక్కొక్క మాటా విడదీసి చూద్దాం.

ముందుగా ఆ వాల్వ్ ఏదో గుర్తుపట్టండి. గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే చోట బిగించిన చిన్న ఇత్తడి ముక్క అది. షాపులో సేఫ్టీ వాల్వ్ అనో, మల్టీఫంక్షన్ వాల్వ్ అనో అడిగితే ఇస్తారు. దానికి ముఖ్యంగా రెండు పనులు. లోపలికి వెళ్లిన నీటిని వెనక్కి రానివ్వకపోవడం ఒకటి, ట్యాంకులో పీడనం హద్దు దాటితే పక్కనున్న సన్నని గొట్టం ద్వారా నీటిని బయటికి వదలడం రెండోది.

అపోహ: చుక్కలు పడుతున్నాయంటే వాల్వ్ పాడైనట్టే.

వాస్తవం: నీళ్లు వేడెక్కే సమయంలో చుక్కలు పడి, ఆ తర్వాత ఆగిపోతే వాల్వ్ తన పని తాను చేస్తున్నట్టే. వేడెక్కితే నీరు వ్యాకోచిస్తుంది. 25 లీటర్ల గీజర్‌లో 15 డిగ్రీల నీటిని 75 డిగ్రీల దాకా కాస్తే సుమారు 600 మిల్లీలీటర్లు, అంటే మూడు గ్లాసుల నీళ్లు పెరుగుతాయి. కుళాయి కట్టేసి ఉంది. వెనక్కి పోయే దారిని వాల్వే మూసింది. నీటిని అణిచి ఇముడ్చుకోవడం ఉక్కు ట్యాంకు వల్ల కాదు. ఆ పెరిగిన నీరు బయటికి రావాల్సిన దారి ఆ గొట్టమే.

అపోహ: పక్కింటి గీజర్ కారడం లేదు కాబట్టి, మనదాంట్లోనే ఏదో లోపం ఉంది.

వాస్తవం: పక్కింట్లో వేడినీళ్ల కుళాయే కొంచెం కొంచెం కారుతుండవచ్చు. లేదా నీటిని ఆపాల్సిన వాల్వ్ ఆపలేక, పెరిగిన నీరు మేడ మీది ట్యాంకులోకి తిరిగి పోతుండవచ్చు. అన్నిటికంటే భయపడాల్సింది, సున్నం పేరుకుని వాల్వ్ పూర్తిగా బిగుసుకుపోవడం. ఎప్పుడూ చుక్క కారని వాల్వ్‌నే ముందు పరీక్షించాలి.

అపోహ: మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీటికి పీడనం ఎంతని? వాల్వ్ లేకపోయినా ఫర్వాలేదు.

వాస్తవం: నీటి పీడనం తక్కువేనన్నది నిజం. పది మీటర్ల ఎత్తుకు వచ్చే పీడనం సుమారు 1 బార్. రెండంతస్తుల క్వార్టర్లో అంత కూడా ఉండదు. కానీ ప్రమాదం తెచ్చే పీడనం పైనుంచి రాదు, ట్యాంకు లోపల వేడితో పుడుతుంది. చాలా గీజర్లలో వాల్వ్ తెరుచుకునే హద్దు 8 బార్ల దగ్గర ఉంటుంది. రైలు బ్రేక్ పైపులో ఉంచేది చదరపు సెంటీమీటరుకు 5 కిలోలన్న (బార్లలోనూ దాదాపు అంతే) సంగతి ఈ ఊళ్లో చాలామందికి తెలుసు. మన బాత్‌రూమ్ గోడకు వేలాడే డబ్బా అంతకు మించిన పీడనం దాకా వెళ్లగలదు.

  

అపోహ: గొట్టానికి బిరడా పెట్టేస్తే కారడం ఆగిపోతుంది.

వాస్తవం: ఇంతకంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. పీడనంలో ఉన్న నీరు వంద డిగ్రీల దగ్గర మరగదు. 8 బార్ల దగ్గర అది మరగడానికి సుమారు 175 డిగ్రీలు కావాలి. థర్మోస్టాట్ పనిచేయక, వాల్వ్ మూసుకుపోయి ట్యాంకు పగిలితే, అంతదాకా నీరుగా ఉన్నదాంట్లో కొంతభాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు గోడలు కూడా నిలవవు.

ఈ పాఠాన్ని రైల్వే ఎప్పుడో నేర్చుకుంది. తొలినాళ్ల ఆవిరి ఇంజిన్లలో ఎక్కువ బలం కోసం డ్రైవర్లు సేఫ్టీ వాల్వును బిగించి కట్టేసేవారు. బాయిలర్లు పేలేవి. 1850ల్లో ఇంగ్లండ్‌లో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంజినీరు, డ్రైవరు బిగించడానికి వీల్లేని వాల్వును తయారుచేశాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ లైన్ల మీద ఆవిరి ఇంజిన్లతో పనిచేసిన కుటుంబాల్లో, బాయిలర్ వాల్వును ముట్టుకోకూడదని చెప్పాల్సిన పనిలేదు. ఆ జాగ్రత్త బాత్‌రూమ్‌లోకీ రావాలి.

అపోహ: థర్మోస్టాట్ ఉంది, ఆటోమేటిగ్గా ఆగిపోతుంది. ఇంకా వాల్వ్ ఎందుకు?

వాస్తవం: థర్మోస్టాట్ రోజూ పనిచేసేది, కాబట్టి అది చెడిపోవచ్చు. దాని వెనక, వేడి మితిమీరితే కరెంటు ఆపే థర్మల్ కటౌట్ ఉంటుంది. అదీ విఫలమైతే మిగిలేది వాల్వే. మొదటి రెండూ కరెంటుతో ముడిపడినవి. వాల్వ్‌లో ఉన్నది ఒక స్ప్రింగు మాత్రమే, దానికి కరెంటుతో పనిలేదు. ఆఖరి కాపలాదారు అదే.

అపోహ: కారుతుంటే కొత్త వాల్వ్ వేయడమే మందు.

వాస్తవం: ముందు ఎక్కడ కారుతోందో, ఎప్పుడు కారుతోందో చూడండి. పొడిగుడ్డతో వాల్వ్, పైపులు, గీజర్ అడుగు అన్నీ తుడిచి, కాసేపు ఆగి చూడండి. మరల దగ్గర తడి వస్తే టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే చాలు. గీజర్ అడుగునుంచే వస్తుంటే ట్యాంకు తుప్పు పట్టి ఉండవచ్చు. దానికి వాల్వ్ మార్చి లాభం లేదు.

గొట్టం నుంచే వస్తుంటే, రాత్రి గీజర్ ఆపేసి కింద బకెట్ పెట్టండి. నీళ్లు చల్లారిన తర్వాత కూడా ఆగకుండా పడుతుంటే, అది పీడనం వల్ల కాదు. వాల్వ్ లోపల ఇసుక రేణువో, సున్నం పెచ్చో ఇరుక్కుని ఉండాలి, లేదా రబ్బరు అరిగి ఉండాలి. బిలాస్‌పూర్‌కు తూర్పున అకల్‌తరా చుట్టుపక్కల సున్నపురాయి గనులున్నాయి. అలాంటి నేలలోంచి వచ్చే బోరు నీటిలో సున్నం ఎక్కువ, వేడెక్కితే తెల్లటి పెచ్చుగా దిగుతుంది. మీ వాల్వ్‌కు చిన్న మీట ఉంటే, స్విచ్ ఆపి, నీళ్లు పూర్తిగా చల్లారాక, ఓ నాలుగైదు సెకన్లు ఎత్తి వదలండి. చెత్త కొట్టుకుపోతే కారడం ఆగుతుంది. ఆగకపోతే అప్పుడు మార్చండి.

గొట్టం నుంచి పొగలు కక్కే నీళ్లు వస్తే మాత్రం వేరే సంగతి. వెంటనే ఎమ్‌సీబీ దించేయండి, దాని దగ్గరికి వెళ్లకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చాలాసార్లు తప్పు థర్మోస్టాట్‌ది.

అపోహ: ఏ వాల్వ్ అయినా సరిపోతుంది, మరలు కుదిరితే చాలు.

వాస్తవం: పైకి ఒకేలా కనిపించే వాల్వులు వేరు వేరు పీడనాల దగ్గర తెరుచుకుంటాయి. వట్టి నాన్ రిటర్న్ వాల్వ్ నీటిని వెనక్కి పోకుండా ఆపుతుంది గానీ పీడనం వదలదు. దాన్ని ఒంటరిగా పెట్టడమంటే దారి మూసి తాళం వేయడమే. గీజర్ మీద రాసిన పీడనం, కొత్త వాల్వ్ మీద రాసిన పీడనం రెండూ చదివి, ట్యాంకు తట్టుకునేదానికి మించని వాల్వే కొనండి. బుధవారీ బజారుకు వెళ్లేటప్పుడు పాత వాల్వ్ చేత పట్టుకెళ్లండి.

చివరిగా ఒక్క మాట. వాల్వ్ గొట్టానికి సన్నని పైపు తగిలించి, కిందికి వంచి, డ్రెయిన్ దగ్గర తెరిచి వదలండి. నీళ్లు ప్లగ్గు మీద పడకుండా చూడండి. గీజర్‌ను 60 డిగ్రీలకు తగ్గిస్తే కారడమూ తగ్గుతుంది, సున్నమూ తగ్గుతుంది. ప్లంబర్ వచ్చి ‘దీన్ని మూసేస్తే సరి’ అంటే ఒప్పుకోకండి. ఈ చలికాలం పోయేలోగా మీ ఇంట్లో ఆ గొట్టం తెరిచి ఉందో లేదో ఒక్కసారి చూడండి, పక్కింటివాళ్లకూ చెప్పండి.