ఆ మూడక్షరాలు ఎవరి సొత్తు?

లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు మొత్తం బరువు 20.5 గ్రాములు. గ్లూకోజు 13.5, మామూలు ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. నేను నర్సింగ్ చదివే రోజుల్లో గ్లూకోజు 20 గ్రాములుండేది. అది కూడా ఎక్కువేనని తేల్చి, 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్క ఖాయం చేసింది. ఆరేడు గ్రాముల తేడాని కూడా పట్టించుకుని దిద్దుకున్న మందు ఇది. అలాంటిది, ఇదే పేరు తగిలించుకుని, లీటరుకు వంద గ్రాములు దాటిన చక్కెరతో పళ్ళరసంలాంటి డబ్బాలు మందుల షాపుల్లో ఏళ్ళ తరబడి అమ్ముడుపోయాయి. పిల్లల వార్డులో జీవితమంతా పనిచేసినదాన్ని, నాకు కడుపు రగిలిపోతుంది.

చక్కెర ఎక్కువైతే ఏం కొంప మునుగుతుందని అడిగేవాళ్ళున్నారు. పేగు గోడ దాటి లోపలికి వెళ్ళేటప్పుడు గ్లూకోజు సోడియంని వెంటబెట్టుకుని వెళ్తుంది. ఆ రెంటి వెనకాలే నీరు వెళ్తుంది. విరేచనాలు ధారగా అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. ఓఆర్‌ఎస్ ప్రాణం నిలబెట్టేది అందుకే. కానీ చక్కెర మోతాదు మించితే కథ అడ్డం తిరుగుతుంది. పేగులో మిగిలిపోయిన చక్కెర ఒంట్లో ఉన్న నీటినే పేగులోకి లాగేస్తుంది. ఆగాల్సిన విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

ఈ మందుకి అంత పేరు ఊరికే రాలేదు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలమంది శరణార్థులు బెంగాల్‌కి వచ్చిపడ్డారు. సరిహద్దులోని బనగాం శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు, యునిసెఫ్, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఆ మూడక్షరాలు తల్లుల నోట పలికించారు. ఏ కంపెనీ ప్రకటనా చేసిన పని కాదిది, ప్రజల డబ్బుతో, వేలమంది కాళ్ళరిగేలా తిరిగితే పుట్టిన నమ్మకం. వ్యాపారులు కాజేసింది సరిగ్గా దాన్నే.

ఎలా కాజేశారో చూడండి. మన చట్టం ప్రకారం అసలు ఓఆర్‌ఎస్ మందు. దానికి మందుల లైసెన్సు కావాలి, ఫార్ములా గీత దాటకూడదు. పానీయానికైతే ఆహార లైసెన్సు చాలు, ఆ ఫార్ములాతో పనిలేదు. అంచేత ఆహారం కింద లైసెన్సు తీసుకుని, పేరులో ఓఆర్‌ఎస్ అని ఇరికించి, కిరాణా కొట్లో శీతలపానీయాల పక్కన కాకుండా మందుల షాపు కౌంటరు మీద పెట్టారు. లైసెన్సేమో తినుబండారంది, నమ్మకమేమో మందుది. జాన్సన్ అండ్ జాన్సన్ నుంచి 2023లో విడిపోయిన కెన్‌వ్యూ అనే అమెరికా కంపెనీకి ఇక్కడి శాఖ జేఎన్‌టీఎల్. ఓఆర్‌ఎస్‌ఎల్ పేరుతో అమ్మిన ఇలాంటి పానీయం దాని సరుకే.

వార్డులో ఒక రాత్రి పది నెలల బాబుని తీసుకొచ్చింది ఒక తల్లి. మాడు గుంటపడింది, కళ్ళు లోతుకు పోయాయి, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మడత అలాగే నిలబడిపోయింది. ఏం పట్టావమ్మా అంటే, సంచీలోంచి అలాంటి ఖాళీ డబ్బాలు తీసి వరసగా మంచం మీద పెట్టింది. "ఓఆర్‌ఎస్సే సిస్టర్, షాపాయన ఇచ్చాడు. మానకుండా పట్టాను" అంది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఆమె తన బాధ్యతలో రవ్వంత లోటు చెయ్యలేదు. డబ్బా తిప్పి చూశాను. ముందువైపు పండు బొమ్మ, పెద్ద అక్షరాల్లో పేరు. వెనకవైపు, గోరంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ కాదు అన్న ముక్క. ఆ తల్లికి ఇంగ్లీషు రాదు. వచ్చినా, అర్ధరాత్రి ఏడుస్తున్న బిడ్డని భుజాన వేసుకుని ఎవరు చదువుతారు? బాబు కోలుకున్నాడు, సెలైన్ ఎక్కించాక.

ఆ వెనకవైపు ముక్క కంపెనీలు దయతో వేసింది కాదు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరిగా ఈ పేర్ల మీద పోరాడారు. అధికారులకు ఉత్తరాలు రాశారు, వీడియోల్లో డబ్బాలు చూపించి చక్కెర లెక్క చెప్పారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం వేశారు. ఆ ఏడు ఏప్రిల్లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని కొరడా ఝళిపించినట్టే కనిపించింది. మూడు నెలలు దాటగానే, హెచ్చరిక వేస్తే పేరు ఉంచుకోవచ్చని సడలించింది. నాకు కంపెనీల మీద ఎంత కోపమో ఆ సడలింపు మీదా అంతే. పేరు అబద్ధమని ఒప్పుకుని, అబద్ధాన్ని ముందువైపూ నిజాన్ని వెనకవైపూ వేసుకోమని అనుమతి ఇవ్వడమేమిటి?

చివరికి 2025 అక్టోబరు 14న ఆ అనుమతి రద్దయింది. ఫార్ములా ప్రకారం లేని ఏ పానీయం పేరులోనూ, ముందో వెనకో ఇంకో మాట తగిలించినా సరే, ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదన్నారు. ఆ రోజు శివరంజని గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. జేఎన్‌టీఎల్ వెంటనే ఢిల్లీ హైకోర్టుకెళ్ళి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. విదేశీ కంపెనీల్నే అంటే అన్యాయమవుతుంది, మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కూడా తన రీబ్యాలన్జ్ విటార్స్ అనే పానీయం కోసం అదే కోర్టు తలుపు తట్టింది. అక్టోబరు 31న కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. నవంబరులో ఇలాంటి సరుకంతా షాపుల్లోంచి తీయించమని రాష్ట్రాలకు ఆదేశాలు వెళ్ళాయి.

ఇన్నాళ్ళ అమ్మకాలకి శిక్ష మాటేమిటి? 2006 ఆహార భద్రతా చట్టంలో తప్పుడు లేబులుకి జరిమానా గరిష్ఠంగా 3 లక్షల రూపాయలు, తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షలు. ప్రపంచమంతా వ్యాపారం చేసే కంపెనీకి ఇదో లెక్కా? లాభాన్ని బట్టి జరిమానా వేస్తే తప్ప, పేరు మార్చుకుని అదే సరుకు అదే కౌంటరు మీదకి రావడానికి ఎవరూ వెనకాడరు.

షాపుకెళ్ళినప్పుడు ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని చూడండి. అసలైన ఓఆర్‌ఎస్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అన్న మాటా, మందుల తయారీ లైసెన్సు నంబరూ ఉంటాయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు కనిపిస్తే అది తాగే పానీయమే, మందు కాదు. కలిపి అమ్మే డబ్బాల్లో సరైనవీ ఉన్నాయి, వాటినీ ఆ ఫార్ములా మాట, మందుల లైసెన్సు నంబరు చూసే గుర్తుపట్టాలి. ప్రభుత్వాసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర పొడి ఉచితంగా దొరుకుతుంది. లీటరు ప్యాకెట్టుని కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపండి, సగం పొడి సగం నీళ్ళు అని అంచనాలు వద్దు. రెండేళ్ళలోపు బిడ్డకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైన వయసు పిల్లలకి 100 నుంచి 200, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కక్కుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకండి. 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి. బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.