బీడుకు స్టీలు తొడుగు

మన గోడపత్రికలో కవితలు, పద్యాల మీద వ్యాఖ్యలు ఎక్కువగా వస్తుంటాయి. ఈసారి నేను 'బీడు' గురించి రాస్తున్నాను. దున్నకుండా వదిలేసిన నేల బీడు అని అందరికీ తెలుసు. పోత ఇనుమును కూడా బీడు అనే అంటారు. మా ఇంట్లో అమ్మవైపు తెలుగు, నాన్నవైపు కన్నడం. బీడు ఇద్దరికీ ఒకటే మాట, వాళ్ళు 'బీడు కబ్బిణ' అంటారు. గొడవంతా తుప్పు దగ్గరే. కన్నడంలో దాన్ని తుక్కు అంటారు. 'తుప్ప' అంటే నెయ్యి!

గౌరీబిదనూరు దగ్గర మా హొసూరు వైపు తోటల్లో పంపు బాడీ, వాల్వు లాంటివి చాలావరకు బీడువే. మన జిల్లా ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు నడిపించిన భద్రావతి కర్మాగారం 1923లో ఇనుము తీయడం మొదలుపెట్టింది. పోతపోస్తే ఏ ఆకారమైనా వస్తుంది, ధర తక్కువ, బరువు మోస్తుంది. బీడు ఇంతగా వాడుకలోకి వచ్చింది అందుకే.

అయితే ఇది చెడిపోయే తీరు వేరు. బీడులో నూటికి 2 నుంచి 4 పాళ్ళు కార్బన్ ఉంటుంది. అందులో చాలాభాగం గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది. మన పెన్సిల్లో ఉండేదీ గ్రాఫైటే. ఉప్పులున్న బోరు నీళ్ళు తగిలితే ఇనుము మెల్లగా కరిగిపోయి గ్రాఫైట్ మిగులుతుంది. పైకి వస్తువు ఉన్న ఆకారంలోనే ఉంటుంది, కానీ చాకుతో గీస్తే మెత్తగా లేస్తుంది. చూసి బాగుందనుకోవడం ఇక్కడే ప్రమాదం.

స్టెయిన్‌లెస్ స్టీలుకు ఈ బాధ తక్కువ. దాంట్లో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, మన వంటగిన్నెల్లో అయితే సాధారణంగా 18 శాతం దాకా. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించని సన్నని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ కట్టుకుంటుంది. ఇంగ్లండులో షెఫీల్డ్ ఊళ్ళో హ్యారీ బ్రియర్లీ 1913లో ఇలాంటి స్టీలు తయారుచేశాడు.

మరి బీడు మీద స్టీలు కరిగించి పోస్తే సరిపోదా? మా మేనమామ అదే అనుకున్నాడు. మల్బరీ తోట పంపు బాడీ లోపల గుంటలు పడ్డాయి. ఎండాకాలం, పురుగులు ఆకు తినే సమయం. ఒక షాపులో స్టీలు రాడ్డుతో నింపించాడు. చల్లారుతుండగానే 'టిక్కు'మని చప్పుడు, వెల్డింగ్ పక్కనే సన్నని చీలిక. కొత్త పంపు వచ్చేదాకా పక్క తోటవాళ్ళ నీళ్ళే దిక్కయ్యాయి.

కారణాలు రెండు. బీడులోని కార్బన్ కరిగిన స్టీల్లోకి ఎక్కి క్రోమియంను పట్టేసుకుంటుంది. అప్పుడు తుప్పును ఆపడానికి క్రోమియం చాలదు, పొర కూడా పెళుసవుతుంది. రెండోది, వేడికి స్టీలు బీడు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. చల్లారేటప్పుడు అంతగానూ ముడుచుకుంటుంది. బీడు సాగదు కాబట్టి పగులుతుంది.

అందుకే మధ్యలో నికెల్ పొర వేస్తారు. నికెల్ కార్బన్‌ను గట్టిగా పట్టుకోదు, మెత్తగా ఉంటుంది, వేడికి సాగడంలో బీడుకు దగ్గరగా ఉంటుంది. ముందు తుప్పూ మెత్తబడిన గ్రాఫైటూ పోయి మెరిసే లోహం కనిపించేదాకా గ్రైండింగ్ చెయ్యాలి. పాత బీడు నూనె పీల్చుకుని ఉంటుంది, వేడిచేసి దాన్ని వెళ్ళగొట్టాలి. నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళంగా వేస్తూ, ప్రతి ముక్కనూ వేడిగా ఉన్నప్పుడే చిన్న సుత్తితో తట్టాలి. ఆ పైన 309 రకం స్టీలు, వీలైతే రెండు పొరలు. పని అయ్యాక నీళ్ళు పొయ్యకూడదు. బూడిదలోనో పొడి ఇసుకలోనో పెట్టి నిదానంగా చల్లార్చాలి.

ఇంకొక చిక్కు ఉంది. స్టీలు, బీడు ఒకదానికొకటి తగులుతూ నీళ్ళలో ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో అరిగిపోయేది బీడే. చుట్టూ స్టీలు ఉండి చిన్న బీడు ముక్క బయట మిగిలితే ఆ ముక్క మరీ త్వరగా పోతుంది. కాబట్టి తొడుగు నీళ్ళు తగిలే భాగమంతా కప్పాలి. అంచుల దగ్గర బీడుకూ స్టీలుకూ కలిపి పెయింటు వెయ్యాలి.

ఇంత ఖర్చు అన్నిటికీ తగదు. పల్చని చిన్న పంపుకు కొత్త బాడీ కొనడమే మేలు. దొరకని పాత భాగం, పెద్ద వాల్వు, మందమైన పోత అయితే ఈ కష్టం దండగ కాదు. మీ ఇంట్లో ఎవరైనా బీడు వస్తువు వెల్డింగుకు తీసుకెళ్తుంటే మూడు ప్రశ్నలు అడగమనండి: "అన్నా, ముందు నికెల్ వేస్తావా? ఎలా చల్లారుస్తావు? అంచులు ఎలా మూస్తావు?"

మా హొసూరులోనే 1920లో పుట్టిన భౌతికశాస్త్రజ్ఞుడు హెచ్. నరసింహయ్యగారు జీవితమంతా ప్రశ్నించడమే నేర్పారు. వెల్డింగ్ షాపులో కూడా అది పనికొస్తుంది.