కోళ్ల దాణాలో సహజ అనుబంధాలు – పేగు ఆరోగ్యం

కోడిపిల్లల దాణాలో యాంటీబయాటిక్ కలిపితే పెరుగుదల మెరుగుపడుతుందని 1946లో అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. అరవై ఏళ్ల తరువాత, 2006 జనవరి 1 నుండి, పెరుగుదల కోసం వాటిని దాణాలో వాడటాన్ని ఐరోపా సమాఖ్య పూర్తిగా నిషేధించింది. కోళ్లు, పశువులు, ఆక్వా చెరువుల కోసం కోలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని 2019లో మన దేశం నిషేధించింది. మందులకు లొంగని బాక్టీరియా మనుషుల ప్రాణాలకే ముప్పుగా మారడం ఇందుకు కారణం. ఇప్పుడు ఆ స్థానంలోకి పసుపు, వెల్లుల్లి, ప్రోబయాటిక్‌లు వస్తున్నాయి. వీటిని రైతుకు సిఫారసు చేసే ముందు అవి ఏమి చేయగలవో, ఏమి చేయలేవో విస్తరణ శాస్త్రవేత్తలకు స్పష్టంగా తెలియాలి.

పేగులో జరిగేది

కోడికి పళ్లు లేవు. గింజను నలిపే పని కందనకాయది. ముతకగా ఆడించిన మొక్కజొన్న కందనకాయను బలపరుస్తుంది. చిన్నపేగులోని ఆంత్రచూషకాలు పోషకాలను గ్రహిస్తాయి. జీర్ణం కాని మాంసకృత్తులు పేగులో మిగిలిపోతే క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ వంటి బాక్టీరియా విజృంభించి పేగు పొరను కుళ్లబెడుతుంది. కాక్సిడియా పరాన్నజీవులు ఆ పొరను ముందే గాయపరచి ఉంటే వ్యాధి మరింత సులభంగా వస్తుంది. జంట అంధనాళాలలోని మేలుచేసే బాక్టీరియా మాత్రం పీచును పులియబెట్టి బ్యూటిరిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. పేగు కణాలకు అదే శక్తి.

అనుబంధాల పనితీరు

ఆరోగ్యంగా ఉన్న పెద్దకోళ్ల పేగులోని సూక్ష్మజీవులను అప్పుడే పొదిగిన పిల్లలకు ఇస్తే సాల్మొనెల్లా స్థిరపడలేదని 1973లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు నూర్మి, రంటాలా నిరూపించారు. మంచి బాక్టీరియా ముందుగా చోటు చేసుకుంటే చెడ్డదానికి తావుండదు. కనుక ప్రోబయాటిక్‌లను తొలి రోజులలోనే ఇవ్వడం మేలు. గుళికల దాణా తయారీలోని వేడికి లాక్టోబాసిల్లస్ చాలావరకు నశిస్తుంది. బాసిల్లస్ సిద్ధబీజాలు తట్టుకుంటాయి.

వెల్లుల్లిలోని అల్లిసిన్ రెబ్బను నలిపినప్పుడే ఏర్పడుతుంది, త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కాబట్టి తాజాగా దంచిన వెల్లుల్లి, నిల్వ ఉన్న పొడి ఒకటి కావు. పసుపులోని కుర్కుమిన్ రక్తంలోకి చేరేది స్వల్పమే. దాని ప్రభావాన్ని ప్రధానంగా పేగులోనే ఆశించాలి. రకాన్ని, నేలను, ఆరబెట్టే విధానాన్ని బట్టి కుర్కుమిన్ శాతం మారుతుంది. అందువల్ల "టన్ను దాణాకు ఇన్ని కిలోల పసుపు" అన్నది సగం సిఫారసు మాత్రమే. కుర్కుమిన్ శాతం చెప్పినప్పుడే అది పూర్తవుతుంది.

పరిమితులు

బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. తడిసిన లిట్టరులో కాక్సిడియా వృద్ధి చెందుతుంది. ఈ రెండింటినీ సరిచేయకుండా అనుబంధాలపై పెట్టే ఖర్చు వృథా. గింజను బాగా ఆరబెట్టి నిల్వచేయడం, లిట్టరును పొడిగా ఉంచడం, పరిశుభ్రమైన నీరు, సకాలంలో టీకాలు మొదటి మెట్టు. పసుపు, వెల్లుల్లి టీకాకు గాని, వ్యాధి సోకిన కోడికి పశువైద్యుడు ఇచ్చే చికిత్సకు గాని ప్రత్యామ్నాయం కావు.

క్షేత్ర పరిశీలన

ఒకే జాతి, ఒకే వయసు పిల్లలను ఎంచి, అనుబంధం కలిపిన దాణాను, కలపని దాణాను వేర్వేరు గదులలో, ఒక్కొక్కటి కనీసం మూడు నాలుగు గదులలో ఇచ్చి చూడాలి. తిన్న దాణా, శరీర బరువు, మరణాలు, లిట్టరు తేమ, అనుబంధం ఖర్చు నమోదు చేయాలి. పోల్చి చూసే గది లేని పరీక్షలో వాతావరణం మెరుగుపడినందువల్ల వచ్చిన లాభం కూడా పసుపు ఖాతాలోకే చేరుతుంది. సహజమన్న పేరు ఒక్కటే సిఫారసుకు ఆధారం కారాదు. రైతు పెట్టిన ప్రతి రూపాయికి తిరిగి వచ్చినదేమిటో లెక్క చూపగలిగినప్పుడే అది శాస్త్రీయమైన సలహా అవుతుంది.