విడాకుల వివాదాలలో మధ్యవర్తి ఎంపిక

విడిపోదలచిన భార్యాభర్తల మధ్య భరణం, పిల్లల సంరక్షణ, ఆస్తి, స్త్రీధనం వంటి విషయాలలో ఒప్పందం కుదిర్చేందుకు ఉభయులూ అంగీకరించిన మూడవ వ్యక్తిని మధ్యవర్తి అంటారు. మధ్యవర్తి తీర్పు చెప్పడు, విడాకులు ఇవ్వడు. నిర్ణయం భార్యాభర్తలది, డిక్రీ ఇచ్చే అధికారం న్యాయస్థానానిది. తెలుగులో ఆర్బిట్రేటరును కూడా మధ్యవర్తి అనడం కద్దు. అయితే ఆర్బిట్రేటరు ఇచ్చే తీర్పుకు ఉభయపక్షాలూ కట్టుబడాలి కనుక ఈ రెండూ వేరు.

పెద్దమనుషుల పద్ధతి

విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, తెనాలి మొదలైన కృష్ణా డెల్టా ప్రాంతాలలో కాపురంలో తగవు వచ్చినపుడు మొదట పెద్దమనుషులలో పెట్టడం ఆనవాయితీ. సంబంధం కుదిర్చినవారు, మేనమామలు, కులపెద్దలు, ఊరి నాయకులు ఇందులో కూర్చుంటారు. పెళ్ళినాటి ఇచ్చిపుచ్చుకోవడాలు వీరికి తెలిసి ఉండడం ఈ పద్ధతికి బలం. ఏదో ఒక పక్షానికి బంధువో, బాకీదారో అయి ఉండడం దీని బలహీనత. ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చే ఆచారం ఉన్నందువలన తగవులో బంగారం, నగదుతో పాటు భూమి కూడా చేరుతుంది. ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న వ్యక్తే పెద్దమనిషిగా కూర్చుంటే అతని మాటను ఉభయులూ నమ్మడం కష్టం.

పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితంపై రాసుకున్నంత మాత్రాన హిందూ వివాహం రద్దు కాదు. హిందూ వివాహ చట్టం (1955) 29వ సెక్షను ఆచారం ప్రకారం పొందిన విడాకులను గుర్తిస్తుంది, కాని అటువంటి ఆచారం ఉన్నదని రుజువు చేయాలి. రుజువు కాకపోతే మొదటి వివాహం నిలిచే ఉంటుంది. ఆ కాగితాన్ని నమ్మి చేసుకున్న రెండవ వివాహం చెల్లదు.

చట్టంలో మధ్యవర్తి స్థానం

హిందూ వివాహ చట్టం 23వ సెక్షను ప్రకారం న్యాయస్థానం సయోధ్య కోసం విచారణను 15 రోజులకు మించకుండా వాయిదా వేసి, ఉభయులూ సూచించిన వ్యక్తికి విషయాన్ని అప్పగించవచ్చు. వారు ఎవరినీ సూచించకపోతే న్యాయస్థానమే ఒకరిని నియమించవచ్చు. కుటుంబ న్యాయస్థానాల చట్టం (1984) 9వ సెక్షను రాజీకి ప్రయత్నించడాన్ని ఆ న్యాయస్థానాల బాధ్యతగా చేసింది. విజయవాడలో కుటుంబ న్యాయస్థానం ఉన్నది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరించిన 89వ సెక్షను 2002 జూలై 1 నుండి అమలులోకి వచ్చి, పెండింగు కేసులను మధ్యవర్తిత్వానికి పంపే వీలు కల్పించింది. వివాహ వివాదాలలో మధ్యవర్తిత్వానికి ప్రయత్నించాలని, కేసు వేయకముందే రాజీ జరిపేందుకు మధ్యవర్తిత్వ కేంద్రాలలో ఏర్పాటు ఉండాలని 2013 ఫిబ్రవరి 22న సుప్రీం కోర్టు ఒక తీర్పులో ఆదేశించింది. 2023లో పార్లమెంటు మధ్యవర్తిత్వ చట్టాన్ని ఆమోదించింది. అందులోని కొన్ని సెక్షన్లు అదే సంవత్సరం అక్టోబరు 9న అమలులోకి వచ్చాయి.

ముస్లిం వివాహాలలో తలాక్‌కు ముందు భార్య తరఫున ఒకరు, భర్త తరఫున ఒకరు రాజీకి ప్రయత్నించాలని సుప్రీం కోర్టు 2002లో పేర్కొన్నది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

• ఇరు పక్షాలకూ బంధుత్వం, అప్పు, వ్యాపారం, రాజకీయ సంబంధం లేని వ్యక్తి అయి ఉండాలి. ఏదైనా సంబంధం ఉంటే ముందే చెప్పాలి.
• ఒక పక్షం కేసు వాదించే న్యాయవాది మధ్యవర్తిగా ఉండరాదు.
• శిక్షణ పొందినవారైతే మంచిది. న్యాయస్థానాల కేంద్రాలలో పనిచేసే మధ్యవర్తులకు 40 గంటల శిక్షణ ఇస్తారు.
• భార్యాభర్తలతో కలిపి మాత్రమే కాక విడివిడిగా కూడా మాట్లాడాలి. ఒకరు రహస్యంగా చెప్పినది రెండవవారికి చెప్పరాదు.
• తెల్లకాగితంపై సంతకం అడిగే వ్యక్తిని, బంగారాన్ని లేదా డబ్బును తన వద్ద ఉంచమనే వ్యక్తిని అంగీకరించరాదు.
• రుసుము ఎంత, ఎవరు చెల్లించాలి అనేది మొదటే తేల్చుకోవాలి. న్యాయ సేవాధికార సంస్థల చట్టం (1987) ప్రకారం మహిళలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

పరిమితులు

కొట్టడం, బెదిరించడం ఉన్నచోట ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం రాజీ కాదు. భయంతో ఇచ్చిన అంగీకారం అంగీకారం కాదు. అటువంటి పరిస్థితిలో గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం (2005) కింద ముందుగా రక్షణ పొందడం అవసరం. పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఏమి ఒప్పుకున్నా, వారి క్షేమాన్ని న్యాయస్థానం విడిగా పరిశీలిస్తుంది.

ఒప్పందం తరువాత

హిందూ దంపతులు కనీసం ఒక సంవత్సరం విడిగా ఉన్న తరువాత 13-బి సెక్షను కింద పరస్పర అంగీకారంతో విడాకులు కోరవచ్చు. అర్జీకి, రెండవ విన్నపానికి మధ్య 6 నెలల గడువును తగిన సందర్భాలలో న్యాయస్థానం మినహాయించవచ్చని సుప్రీం కోర్టు 2017లో చెప్పింది. భరణం మొత్తం, చెల్లించే తేదీలు, తిరిగి ఇవ్వవలసిన వస్తువులు, పొలం సర్వే నంబర్లు, పిల్లలను చూసే రోజులు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. డిక్రీ వచ్చేవరకు వివాహం కొనసాగుతున్నట్లే.

ఇవి కూడా చూడండి

• విడాకులు
• లోక్ అదాలత్
• స్త్రీధనం
• హిందూ వివాహ చట్టం