చలన జ్ఞానం

చలన జ్ఞానం అనగా తన శరీరం కదులుతున్నదా, నిలిచి ఉన్నదా, ఏ దిక్కుకు తిరుగుతున్నది అనే విషయాలను ప్రాణి గ్రహించగలగడం. దీనికి ప్రత్యేకంగా ఒక జ్ఞానేంద్రియం లేదు. కళ్ళ నుండి, లోపలి చెవి నుండి, కండరాలు, కీళ్ళ నుండి వచ్చే సంకేతాలను మెదడు కలిపి ఒక నిర్ణయానికి వస్తుంది. వీటిలో దృష్టి, లోపలి చెవి ఇచ్చే సమతాస్థితి జ్ఞానం ముఖ్యమైనవి. ఈ రెండింటికీ వేర్వేరు లోపాలున్నాయి. సాధారణంగా ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. అవి విభేదించినప్పుడు భ్రమ, వికారం, ఒక్కొక్కసారి ప్రాణాపాయం కూడా కలుగుతాయి.

లోపలి చెవి పనిచేసే విధానం

ప్రతి లోపలి చెవిలోనూ ఒకదానికొకటి దాదాపు లంబంగా ఉండే మూడు అర్ధవర్తుల కుల్యలు ఉంటాయి. వీటిలో అంతరలసిక అనే ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు కుల్యలు కూడా తిరుగుతాయి గాని, జడత్వం వలన ద్రవం వెనుకబడుతుంది. ఈ తేడా వలన రోమ కణాల కేశాలు వంగి, నాడీ సంకేతం పుడుతుంది. యుట్రిక్యులస్, శాక్యులస్ అనే రెండు సంచులలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. తల వాలినప్పుడు, లేదా సరళరేఖలో వేగం మారినప్పుడు ఇవి జరిగి సంకేతాన్ని కలిగిస్తాయి.

చెవిలో చల్లని లేదా వెచ్చని నీరు పోసినప్పుడు కనుగుడ్లు అసంకల్పితంగా కదలడాన్ని పరిశీలించి, ఈ అవయవాల పనితీరును పరీక్షించే పద్ధతిని రాబర్ట్ బరానీ రూపొందించాడు. ఈ రంగంలో చేసిన కృషికి ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

పరిమితులు

కుల్యలు భ్రమణ వేగంలో మార్పును మాత్రమే గుర్తిస్తాయి. కళ్ళు మూసుకుని ఒకే వేగంతో తిరిగే కుర్చీలో కూర్చున్న వ్యక్తికి సుమారు అర నిమిషంలో తిరుగుతున్న భావన తగ్గిపోతుంది. కుర్చీ ఆగగానే వ్యతిరేక దిశలో తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. పిల్లలు గిరగిరా తిరిగి ఆగినప్పుడు పరిసరాలు తిరుగుతున్నట్లు తోచడానికి కారణం ఇదే.

దృష్టి ఒకే వేగంతో సాగే చలనాన్ని కూడా గుర్తించగలదు. అయితే కదులుతున్నది తానా, పరిసరాలా అనేది కంటికి కనిపించే దృశ్యం ఒక్కటే తేల్చలేదు. స్టేషనులో ఆగి ఉన్న రైలులో కూర్చున్నప్పుడు పక్క పట్టాల మీది రైలు బయలుదేరితే, తన రైలే కదిలినట్లు అనిపించడం దీనికి ఉదాహరణ. ఈ భ్రమను వెక్షన్ అంటారు. నిజంగా రైలు నెమ్మదిగా కదిలి, తరువాత ఒకే వేగంతో సాగినా లోపలి చెవి దాదాపు మౌనంగానే ఉంటుంది. కనుక చెవి నుండి సంకేతం రాకపోవడాన్ని మెదడు నిశ్చలతకు రుజువుగా తీసుకోదు, కంటిని నమ్ముతుంది. ఎర్నెస్ట్ మాక్ 1875లో చలన సంవేదనలపై ఒక గ్రంథం ప్రచురించి ఈ అధ్యయనానికి పునాది వేశాడు.

పరస్పర సహకారం

పుస్తకాన్ని కదలకుండా పట్టుకుని తలను వేగంగా అటూ ఇటూ ఊపినా అక్షరాలను చదవవచ్చు. తలను కదపకుండా పుస్తకాన్ని అంతే వేగంతో ఊపితే చదవడం సాధ్యం కాదు. మొదటి సందర్భంలో లోపలి చెవి సంకేతం సెకనులో సుమారు నూరవ వంతు కాలంలోనే కనుగుడ్లను తలకు వ్యతిరేక దిశలో తిప్పుతుంది. రెండవ సందర్భంలో దృష్టి ఒక్కటే ఆధారం. దృష్టి ద్వారా కలిగే ప్రతిస్పందనకు దాదాపు పది రెట్లు సమయం పడుతుంది.

నిలబడడంలో దృష్టి పాత్రను 1974లో డేవిడ్ లీ, ఎరిక్ ఆరన్సన్ చూపారు. నేల కదలకుండా గోడలు మాత్రమే కదిలే గదిలో, అప్పుడే నిలబడడం నేర్చిన శిశువులు గోడల కదలికకు తూలారు, కొన్నిసార్లు పడిపోయారు.

విభేదం వలన కలిగే ఫలితాలు

బస్సులో చదివేటప్పుడు కంటి ముందు పుస్తకం నిశ్చలంగా ఉంటుంది, లోపలి చెవి మాత్రం మలుపులను, కుదుపులను తెలుపుతుంది. ప్రయాణ వికారానికి ఇటువంటి విభేదమే కారణమని విస్తృతంగా ఆమోదించబడిన సిద్ధాంతం. దూరంగా రోడ్డు వైపు చూస్తే రెండు సంకేతాలు ఏకమై వికారం తగ్గుతుంది.

విమానయానంలో ఇది మరింత ప్రమాదకరం. చీకటిలో, మేఘాలలో దిగంత రేఖ కనిపించదు. విమానం నెమ్మదిగా ఒరిగితే లోపలి చెవి గుర్తించకపోవచ్చు. అందుచేత పైలట్లకు తమ అనుభూతిని కాక పరికరాలను నమ్మాలని శిక్షణ ఇస్తారు. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుండి దుబాయి బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 విమానం కొద్ది సేపటికే అరేబియా సముద్రంలో కూలి, అందులోని 213 మందీ మరణించారు. విమానం ఏ వైపు ఒరిగిందో తెలిపే కెప్టెన్ పరికరం చెడిపోగా, ఆయన స్థితిని గ్రహించలేక విమానాన్ని తప్పు దిశలో ఒరిగించాడని విచారణలో తేలింది. చీకటి సముద్రం మీద ఆ పొరపాటును సరిదిద్దగల దృశ్యమేదీ బయట లేదు.

సమతాస్థితి అవయవాలు దెబ్బతిన్నప్పుడు

క్షయ వ్యాధికి ఒకప్పుడు విస్తృతంగా వాడిన స్ట్రెప్టోమైసిన్ కొందరు రోగులలో ఈ అవయవాలను దెబ్బతీసేది. రెండు చెవులలోనూ ఈ శక్తి కోల్పోయినవారు పగటిపూట దృష్టి సహాయంతో నడవగలిగినా, చీకటిలో లేదా ఎగుడుదిగుడు నేల మీద తూలిపోతారు. నడిచేటప్పుడు వీరికి ఎదుటి దృశ్యం ఊగుతున్నట్లు కనిపిస్తుంది. తల, కళ్ళ కదలికలతో చేయించే వ్యాయామాల ద్వారా మెదడు మిగిలిన సంకేతాలపై ఎక్కువగా ఆధారపడడం కొంతవరకు నేర్చుకుంటుంది. ఇటువంటివారు రాత్రివేళ ఇంటిలో చిన్న దీపం వెలిగించి ఉంచుకోవడం వలన పడిపోయే ప్రమాదం తగ్గుతుంది.